రంగు పడిన చీర

మెదక్ చర్చి కిటికీలు చూసి తీరాలని ఎవరైనా అంటే, పెళ్ళయిన కొత్తలో నేను పెదవి విరిచేదాన్ని. చెప్పకేం, మావారు ఎక్కడికి తీసుకెళ్ళినా పొద్దు గూకాకే చేరుస్తారు. ఆ రోజూ అంతే. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి, కిటికీలు మాత్రం నల్లపలకలు బిగించినట్టున్నాయి. "ఇదా ఇంగ్లండు నుంచి తెప్పించిన వింత?" అన్నాను.

తప్పు కిటికీలది కాదని తర్వాత తెలిసింది. గోడమీది బొమ్మకైతే ఎదురుగా దీపం చూపిస్తే చాలు. ఈ బొమ్మకి వెలుగు వెనకనుంచి రావాలి. గాజు కరిగించేటప్పుడే నీలానికి కోబాల్టు, ఎరుపుకి రాగో బంగారమో కలుపుతారట. ఆ ముక్కల్ని సీసపు పట్టీలతో జోడిస్తారు. రాత్రి లోపల దీపాలు పెడితే బొమ్మ వీధిలోవాళ్ళకి కనిపిస్తుంది గాని లోపలివాళ్ళకి కాదు. (మన సంసారాలు చాలామటుకు ఇంతే లెండి!)

కరువు రోజుల్లో పనికొచ్చిన వాళ్ళకి తిండిపెట్టి కట్టించిన చర్చి అది, 1924లో ప్రారంభించారు. కిటికీల బొమ్మలు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడివి. క్రీస్తు పరలోకానికి వెళ్ళడం 1927లో, పుట్టుక 1947లో, శిలువ 1958లో అమర్చారు. మూడు కిటికీలకి ముప్ఫై ఒక్క ఏళ్ళు!

కిందటేడు అత్తయ్యగారికి శుక్లాల ఆపరేషను అయింది. "కళ్ళొచ్చాయిగా, ఎక్కడికైనా తీసుకెళ్ళవే" అన్నారు. ఈసారి పట్టుబట్టి పొద్దున్నే బయల్దేరదీశాను. మామగారు పోయి పన్నెండేళ్ళు. ఎవరూ ఏమీ అనకపోయినా ఆవిడ తెలుపు తప్ప కట్టరు. పండక్కి నేను కొన్న వంగపండు రంగు చీర మడత విప్పకుండా బీరువాలోనే ఉంది.

ఎండ కిటికీలోంచి దిగి నేలమీద ఎరుపు, నీలం మరకలుగా పడింది. అత్తయ్యగారు చూసుకోకుండా సరిగ్గా అక్కడే నిలబడ్డారు. తెల్లచీర కుచ్చిళ్ళమీద ఎరుపు, భుజంమీద నీలం. చూసుకుని గబుక్కున పక్కకి తప్పుకుంటారనుకున్నాను. తప్పుకోలేదు. కొంగు కొస రెండు చేతులా పట్టి వెలుతురులోకి చాపారు.

"ఇన్నాళ్ళూ నీలమంటే బూడిదలా కనిపించేదే అమ్మాయ్. ఇంత నీలం ఉంటుందని మర్చేపోయాను" అన్నారు.

ఎండ జరిగినకొద్దీ ఆవిడా అడుగు అడుగు జరిగారు. మావారు గడియారం చూసుకోబోతే నేను కళ్ళురిమాను.

ఇంటికొచ్చాక ఆ చీర కడతారేమోనని ఎదురుచూశాను. కట్టలేదు. మొన్న బీరువా తీసినప్పుడు చూద్దును గదా, చీర మడత మారి ఉంది.