వాల్తేరు ఎంత దూరం?

పొద్దున్నే విశాఖ వైపు వెళ్లే ప్యాసింజరుకి చీపురుపల్లిలో ఎప్పుడూ జనమే. కేజీహెచ్‌కి వెళ్లే రోగులు, తాపీ పనికి వెళ్లే కుర్రాళ్లు, సెలవులయ్యాక హాస్టళ్లకు తిరిగెళ్లే పిల్లలు. వాళ్ల మధ్య దూరి ఎలాగో సీటు సంపాదించాను. 2026తో విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే ఏయూకి, నూరేళ్లు. ఆ నూరేళ్లనూ విశాఖలో దిగాక కాకుండా, అక్కడికి తరతరాలుగా పిల్లల్ని పంపుతున్న ఊరి ప్లాట్‌ఫారం నుంచే చూసుకుంటూ వెళ్లాలని నా ఆలోచన.

ఎదుటి సీట్లో తల్లీ కూతుళ్లు. కాళ్ల దగ్గర కొత్త సూట్‌కేసు, దుప్పటి మూట, చోడిపిండి డబ్బా, మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ సీసా. ఎక్కడికమ్మా అంటే తల్లే అందుకుంది.

"మా గుంటకి ఏయూలో సీటొచ్చిందండి. జియాలజీ అట. రాళ్ల సదువంట బాబూ! మా వైపు రాళ్లు లేవేటి? దానికోసం ఇశాపట్నం ఎల్లాలేటి?"

"అమ్మా, నువ్వూరుకో" అంది కూతురు, కిటికీలోంచి చూస్తూ.

తల్లి మాట వేళాకోళం కాదు. రైలు ఇంకా వేగం అందుకోకముందే గరివిడి వచ్చింది. ఇది మాంగనీసు నేల. పక్కనున్న కోడూరు గనుల్లో 1890ల తొలినాళ్లలోనే తవ్వకాలు మొదలయ్యాయి. దేశంలో మాంగనీసు తవ్వకాలకు అదే శ్రీకారం. ఇక్కడి వింత రాయిని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ దానికి ఈ ఊరి పేరే పెట్టి కోడూరైట్ అన్నాడు. రాయి పేరు భూగర్భ శాస్త్ర పుస్తకాలకెక్కిన చాలా ఏళ్లకు గాని, 1941లో సి. మహదేవన్ సారథ్యంలో వాల్తేరులో జియాలజీ శాఖ రాలేదు. అప్పటిదాకా ఇక్కడి రాయి గురించి ఇక్కడి పిల్లాడు చదువుకోవాలంటే ఏ మద్రాసో, కలకత్తాయో పోవాల్సిందే.

నెల్లిమర్ల జూట్ మిల్లు దాటి విజయనగరం చేరేసరికి పెట్టెలో ఊపిరాడడం లేదు. ఒకప్పుడు ఈ ప్రాంతానికి పెద్ద చదువంటే ఈ ఊరే. 1879లో డిగ్రీ స్థాయికి ఎదిగిన మహారాజా కళాశాలలో గురజాడ చదువుకున్నారు, పాఠమూ చెప్పారు. అయితే పరీక్ష మద్రాసుది, పట్టా మద్రాసుది. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం కిందే తెలుగు కాలేజీలన్నీ ఉండేవి. తెలుగువాళ్లకంటూ ఒక విశ్వవిద్యాలయం కావాలన్న పోరు ఫలించి 1926లో చట్టం వచ్చింది. అసలు తగువు అప్పుడే రాజుకుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి?

ముందు బెజవాడలో పెట్టారు. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. రాజమండ్రి వాళ్లు మాకన్నారు, విశాఖ వాళ్లు మాకన్నారు, రాయలసీమ వాళ్లు అనంతపురం మాటేమిటన్నారు. చివరికి వాల్తేరు ఖాయమైంది. 1930లో కార్యాలయం బెజవాడ నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. సీమ జిల్లాలు అంత దూరం మా వల్ల కాదని మళ్లీ మద్రాసు గొడుగు కిందికే వెళ్లాయి. ఆ కినుక ఎంత గట్టిదంటే, కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్న షరతు చేరింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేదాకా సీమకు సొంత విశ్వవిద్యాలయం లేదు. తమాషా ఏమిటంటే, వాల్తేరును నిలబెట్టిన కట్టమంచి స్వయానా చిత్తూరు జిల్లా మనిషి.

కొత్తవలస, పెందుర్తి, సింహాచలం దాటుకుని విశాఖలో దిగాం. తల్లి ఆటో బేరం చూసి హడలిపోతుంటే ముగ్గురం కలిసి ఎక్కాం. ఔట్ గేటు దగ్గర దించాడు. గేటు బయట జెరాక్స్ కొట్లు, టీ బండ్లు. లోపల మాత్రం ఒక్కసారి రొద తగ్గి, చెట్లు దట్టంగా కమ్ముకుంటాయి. నేల సముద్రం వైపు వాలుగా దిగుతుంది. భవనాల సందుల్లోంచి అక్కడక్కడా నీలం ముక్క కనబడుతుంది.

తల్లీకూతుళ్లు హాస్టల్ కాగితాల పనిలో పడితే, నేను సైన్సు కాలేజీ వైపు నడిచాను. దానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరుంది. ఏటా లక్ష రూపాయల శాశ్వత విరాళం ఆయనది. తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాసిన రాజు. జయపురం నేడు ఒడిశాలో ఉంది. ఆయన గద్దెనెక్కిన 1931 నాటికి మాత్రం అది విశాఖ జిల్లా ఏజెన్సీ. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు మారినా ఆయన విశ్వవిద్యాలయం చెయ్యి వదల్లేదు.

డబ్బుతోనే ఇదంతా అయిపోలేదు. 1930లో ఆంగ్లప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రాజీనామా చేస్తే, 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ నడిపారు. ఆ తర్వాత మళ్లీ కట్టమంచే, 1949 దాకా. ఇద్దరూ మేస్టర్లను వెతకడంలో ఘనులు. రసాయన శాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రానికి సూరి భగవంతం, తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం. బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వచ్చి పాఠం చెప్పారు. ఇక్కడ గణితంలో ఎమ్మే చేసిన సి.ఆర్. రావు ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లి, అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి దాకా ఎదిగారు. ఆ రోజుల్లోనూ వాల్తేరు నుంచి కలకత్తా రైలంటే మా చీపురుపల్లి మీదుగానే.

విశ్వవిద్యాలయం కుదురుకుంది అనుకునేలోపు మళ్లీ ప్రయాణం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. భవనాల్లో సైన్యం దిగింది. విశ్వవిద్యాలయం గుంటూరు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. ఆ తరం ఉత్సాహం పాఠాలతో ఆగలేదు. గ్రంథాలయాన్ని అబ్బూరి రామకృష్ణారావు తీర్చిదిద్దితే, రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించి ఊరూరి కుర్రాళ్లకు రంగస్థలం ఎక్కడం నేర్పారు. 1966లో విశాఖ ఉక్కు ఉద్యమం రేగినప్పుడు ఈ హాస్టళ్ల పిల్లలే ముందు వరసలో నిలిచారు.

ఇప్పుడు గ్రంథాలయం చుట్టుపక్కల చెట్ల కింద మరో రకం దీక్ష. ఒకతను వేపచెట్టు మొదట్లో చాప పరుచుకుని, ఇండియన్ పాలిటీ పుస్తకంలో మూడు రంగుల పెన్నులతో గీతలు గీస్తున్నాడు. పక్కన నీళ్ల సీసా, స్టీలు టిఫిన్ డబ్బా. పీజీ అయిపోయిందట, గ్రూప్స్ ఉద్యోగం వచ్చేదాకా ఊరెళ్లనన్నాడు. "ఊళ్లో కూర్చుంటే చదువు సాగదు సార్. ఎవరో ఒకరు పన్లోకి పిలుస్తారు" అన్నాడు, తలెత్తకుండానే.

క్యాంటీన్ దగ్గర మళ్లీ ఆ అమ్మాయి కనబడింది. తల్లి ఇంకా వరసలో నిలబడి ఉంది. అడగాలనుకున్నది అడిగాను. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం మీకు దగ్గర కదమ్మా, అక్కడ ప్రయత్నించలేదా అని.

"దగ్గరైతే ఇంటి నుంచే తిరగమంటారండీ. వంట చేసి, గేదెలకి గడ్డేసి, అప్పుడు బస్సెక్కాలి. డిగ్రీ మూడేళ్లూ అలాగే చదివాను" అంది. గొంతు తగ్గించి, "అమ్మకి చెప్పకండేం" అని నవ్వింది.

నేను దూరాన్ని కష్టంగానే లెక్కేసుకుంటూ వచ్చాను. ఆ పిల్లకి అదే ఊపిరి. అలాగని నూరేళ్ల కింద సీమవాళ్లు దూరమని మొరపెట్టుకోవడం తప్పు కాదు. రైలు ఛార్జీకి, మెస్ బిల్లుకి డబ్బుల్లేక డిగ్రీతో ఆగిపోయినవాళ్లు చీపురుపల్లిలో వీధికొకరు ఉంటారు. 1977లో శ్రీకాకుళం పిల్లల కోసం ఏయూ పెట్టిన పీజీ కేంద్రమే 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, జేఎన్టీయూ గురజాడ వచ్చాయి. చీపురుపల్లి తాలూకా మాత్రం 1979లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి మారడంతో, ఎచ్చెర్ల పక్కనే ఉన్నా మా వైపు డిగ్రీ కాలేజీలు వాల్తేరు కిందే ఉండిపోయాయి.

అయితే విశ్వవిద్యాలయం బోర్డు దగ్గరకొచ్చినంత మాత్రాన చదువు దగ్గరకు రాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. గెస్టు లెక్చరర్లతో ఈడ్చుకొచ్చే శాఖ ఇంటి పక్కనున్నా పిల్లలు దాన్ని దాటుకునే పోతారు. బెజవాడా వాల్తేరా అని పెద్దలు కొట్టుకున్నారు గాని, వాల్తేరుకు పేరు తెచ్చింది ఎక్కడెక్కడి నుంచో పిలిపించి నిలబెట్టుకున్న మేస్టర్లు, పేదపిల్లలకు చోటిచ్చిన హాస్టళ్లు. ఈ రెండూ ఎచ్చెర్లకూ విజయనగరానికీ గట్టిగా అమర్చితే, ఇల్లు కదల్లేనివాళ్లకు దగ్గరలో చదువుంటుంది. ఇల్లు కదలాలనుకునే ఆడపిల్లకి వాల్తేరు ఎలాగూ ఉంటుంది. శతాబ్ది ఉత్సవాల ఖర్చులో కొంత ఆ ఖాళీలు పూడ్చడానికి పెడితే, జయపురం రాజు ఏటా ఇచ్చిన లక్ష బాకీని అంతకన్నా బాగా తీర్చడం ఉండదు.