పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

టీవీలో వచ్చేదాన్ని ఇంట్లో రికార్డు చేసుకుందామని బయల్దేరినవారు దుకాణంలో సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు: ఎన్ని గంటలు పడుతుంది, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది. ఈ రోజుల్లో రెండింటికీ జవాబు ఒకటే: కావలసినంత. అడగకుండా వదిలేసే మూడో ప్రశ్న మాత్రం అంత సులువుగా తేలదు. ఇవాళ ఇందులో పడిన కార్యక్రమం, రేపు ఈ పెట్టె పాడైపోయాక కూడా తెరుచుకుంటుందా? రికార్డు చేయడమనే ఒక్క మాట కింద నిజానికి రెండు పనులున్నాయి. రాత్రి డ్యూటీ వల్ల తప్పిపోయే మ్యాచ్‌ను మర్నాడు పొద్దున చూసి చెరిపేయడం ఒకటి; దాన్ని వాయిదా అందాం. ఉగాది నాటి పంచాంగ శ్రవణాన్నో, ఒక అష్టావధానాన్నో, ఊరికి వరదొచ్చిన రోజు వార్తలనో పదేళ్ల తర్వాత కూడా చేతికందేలా పెట్టుకోవడం రెండోది, అది నిల్వ. వాయిదా కోసం చేసిన యంత్రాన్ని నిల్వకు కూడా పనికొస్తుందనుకుని కొనడమే ఈ వ్యవహారంలో జరిగే అసలు పొరపాటు.

ఈ పొరపాటుకు చరిత్రలో కారణముంది. వీసీఆర్ కాలంలో ఈ రెండు పనులకూ తేడా లేదు. 1975లో సోనీ బీటామ్యాక్స్, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ వచ్చాయి. మన ఊళ్లలో వీసీఆర్ అంటే టీవీతో సహా అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు చూసే యంత్రమే గాని, అమెరికాలో దాన్ని ప్రసారాలు పట్టుకోవడానికే ఎక్కువగా వాడారు. అది తమ హక్కులకు గండి కొడుతోందని యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీ మీద దావా వేస్తే, 1984లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు అటు, నలుగురు ఇటుగా సోనీ పక్షాన తీర్పు చెప్పింది. జనం ఎక్కువగా చేస్తున్నది చూసే వేళను మార్చుకోవడమేనని, అది తప్పు కాదని ఆ తీర్పు సారాంశం. అంటే కోర్టు రక్షించింది వాయిదానే. కానీ క్యాసెట్‌కు ఆ సంగతి తెలియదు కదా! వాయిదా వేసిన కార్యక్రమాన్ని చెరపకుండా అలమరలో పెడితే అదే నిల్వ అయిపోయేది. ఆ క్యాసెట్‌ను పక్కింటి వీసీఆర్‌లో పెట్టినా బొమ్మ వచ్చేది. అలా అలవాటు పడ్డ మనసు, రికార్డయింది అనగానే భద్రంగా ఉన్నట్టే అనుకుంటుంది.

డిజిటల్ ప్రసారం ఆ రెండు పనులనూ విడదీసింది. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో, 2013లో, హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల వంతు వచ్చింది. అంతవరకు గోడలోంచి వచ్చిన కేబుల్‌ను నేరుగా టీవీకో వీసీఆర్‌కో తగిలిస్తే సరిపోయేది. ఆ తర్వాత మధ్యలో సెట్ టాప్ బాక్స్ తప్పనిసరయింది. డబ్బు కట్టి చూసే చానెళ్లు గాలిలోనైనా తీగలోనైనా తాళం వేసుకునే వస్తాయి. ఆ తాళాన్ని తీసే చెవి బాక్స్‌లో ఉంటుంది, దాన్ని చెల్లేటట్టు, చెల్లనట్టు చేసే అధికారం కంపెనీది. ఇలాంటి బాక్స్ రికార్డు చేసినప్పుడు డిస్కు మీద మళ్లీ తాళం వేసే పెడుతుంది. అందుకే ఆ డిస్కును విప్పి కంప్యూటర్‌కు తగిలిస్తే అర్థంకాని అంకెల గుట్ట తప్ప ఏమీ కనిపించదు. బాక్స్ కాలిపోతే రికార్డింగులూ దానితోనే పోతాయి. రీచార్జ్ అయిపోయినా, కంపెనీ మారినా అవి తెరుచుకుంటాయన్న భరోసా లేదు. బాక్స్ నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎమ్‌ఐ తీగలో కూడా కాపీ కాకుండా కాపలా ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. వాయిదాకు ఇంతకంటే సుఖమైన యంత్రం దొరకదు. సీరియల్ పేరు మీద ఒక్క బటన్ నొక్కితే రోజూ అదే పట్టుకుంటుంది. కాకపోతే అది అద్దె ఇంట్లో కట్టుకున్న అటక లాంటిది. సామాను మనదే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మనతో రాదు.

ఇంత తంటా ఎందుకు, అన్నీ ఓటీటీల్లో, యూట్యూబ్‌లో ఉంటాయిగా అనేవారున్నారు. సినిమాల విషయంలో, పేరున్న సీరియళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అయితే అక్కడ ఉన్నవి ఎవరో ఉంచితే ఉన్నవి. హక్కుల ఒప్పందం తీరిన రోజున చెప్పాపెట్టకుండా పోతాయి. అసలు ప్రసారం చేసినవారి దగ్గరైనా పదిలంగా ఉంటాయని నమ్మకం లేదని బీబీసీ చరిత్రే చెబుతోంది. 1960ల్లో వీడియో టేపు ఖరీదైన సరుకు. ఒకసారి ప్రసారమైనదాన్ని మళ్లీ వేసే అవకాశాలూ తక్కువ. దాంతో ‘డాక్టర్ హూ’ లాంటి జనాదరణ ఉన్న సీరియల్ భాగాలను కూడా వాళ్లే చెరిపేసి టేపులను తిరిగి వాడుకున్నారు. పోయిన ఆ భాగాల్లో బొమ్మ దొరకనివెన్నో ఉన్నా, మాట మాత్రం ప్రతి భాగానిదీ ఇవాళ వినవచ్చు. కారణం, అప్పట్లో కొందరు అభిమానులు ఇంట్లో టేప్ రికార్డరుతో ధ్వనిని పట్టి దాచుకోవడమే. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్ 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో ఒకేసారి అనేక వీసీఆర్‌లు నడుపుతూ వార్తాప్రసారాలను ఆపకుండా రికార్డు చేశారు. డెబ్బై వేల పైచిలుకు క్యాసెట్లు పోగయ్యాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాటిని స్వీకరించగలిగిందంటే ఆమె పట్టుదల ఒక కారణం, ఆ క్యాసెట్లకు తాళం లేకపోవడం రెండో కారణం. అవే రికార్డింగులు కంపెనీ బాక్సుల్లో ఉండి ఉంటే, ఆమెతోపాటే చందా ముగిసి, డెబ్బై వేలూ మూగవై ఉండేవి.

చట్టం ఒప్పుకుంటుందా అన్నది తర్వాతి సందేహం. మన కాపీరైట్ చట్టం, 1957లో 39వ సెక్షన్ ఈ విషయం సూటిగానే చెబుతుంది: ప్రసారాన్ని సొంత వాడకం కోసం రికార్డు చేసుకుంటే ప్రసారకర్తల హక్కును భంగపరచినట్టు కాదు; నిజాయితీగా బోధనకో పరిశోధనకో చేసినా అంతే. ఆ రికార్డింగును నెట్‌లో పెట్టడం, కాపీలు తీసి అమ్మడం వేరే సంగతి. ఆ పనులకు ఈ మినహాయింపు గొడుగు పట్టదు. హక్కుల ఉల్లంఘన కోసం సాంకేతిక తాళాలను పగలగొట్టడాన్ని 2012 సవరణ నేరంగా చేర్చింది కూడా. కాబట్టి తాళం పగలగొట్టే ఉపాయాలు వెతకడం కంటే, తాళం లేని చోట రికార్డు చేసుకోవడం నిశ్చింతైన దారి.

అలాంటి చోటు మనకు ఉంది. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ సేవ, ఇప్పటి డీడీ ఫ్రీ డిష్, నెల చందా లేకుండా అందుతుంది. తెరిచి వచ్చే ఆ చానెళ్లను పెన్ డ్రైవ్‌లోకో హార్డ్ డిస్కులోకో రికార్డు చేసే ఎంపీఈజీ-4 బాక్సులు బజారులో దొరుకుతాయి. కొంచెం చేయి తిరిగినవారైతే డిష్ సిగ్నల్‌ను అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్‌ను చిన్న కంప్యూటర్‌కు తగిలించి, టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అదే పని చేసుకోవచ్చు. వీటిలో ఒక మేలుంది. డిజిటల్ ప్రసారం ముందే కుదించి వస్తుంది కాబట్టి రికార్డరు కొత్తగా చేసేదేమీ లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు రాసిపెడుతుంది. అందువల్ల ప్రసారంలో ఎంత నాణ్యత ఉందో రికార్డింగులోనూ అంతే. పెట్టె మీద ముద్రించిన ‘అల్ట్రా క్లియర్ రికార్డింగ్’ అన్న మాటకు అర్థం లేదు. మనకు కావలసిన చానెళ్లన్నీ అక్కడ ఎక్కడున్నాయి అంటే, లేవనే ఒప్పుకోవాలి. సప్తగిరి, యాదగిరి దొరుకుతాయి గాని ఇంట్లో రోజూ నడిచే ప్రైవేటు తెలుగు చానెళ్లు చాలావరకు చందా కిందే ఉన్నాయి. వాటి కోసం మిగిలింది పాత పద్ధతే: బాక్స్ వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులున్న ఏవీ దారి నుంచి క్యాప్చర్ పరికరంలోకి తీసుకోవడం. వీసీఆర్ చేసిందీ ఇదే. బొమ్మ కొంత మసకబారుతుంది. నిల్వ ఉద్దేశమైతే, తెరుచుకునే మసక బొమ్మ తెరుచుకోని తేట బొమ్మ కంటే నయం.

అమర్చుకోవడంలోనూ వాయిదాకు, నిల్వకు లెక్క వేరు. చూస్తున్నప్పుడు సిగ్నల్ పోతే విసుక్కుని ఊరుకుంటాం. రికార్డింగులో పోతే ఆ చిల్లు శాశ్వతం. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే అది వాస్తువారు వంటింటికి చెప్పే ఆగ్నేయ మూల, క్షితిజం నుంచి అరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. పక్కింటి మేడ సాధారణంగా అడ్డు రాదు, వాన వస్తుంది. ఉపగ్రహం నుంచి డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలు జోరువానలో నీరసిస్తాయి. కనుక బొమ్మ వచ్చిందని సంతృప్తిపడి డిష్ బోల్టులు బిగించేయకుండా, మీటరులో క్వాలిటీ అంకె ఇక పెరగదనేదాకా జరపాలి, వీలుంటే కాస్త పెద్ద డిష్ పెట్టుకోవాలి. ఒకటి రికార్డవుతుండగా ఏ చానెలైనా చూడాలంటే రెండు ట్యూనర్లు, డిష్ నుంచి రెండు కేబుళ్లు కావాలి. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ప్రసారం గంటకు 3.6 జీబీ తింటుంది. ఒక టీబీ డిస్కులో సుమారు 275 గంటలు పడతాయి. డిస్కు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, కచేరీ సగంలో తెగవచ్చు. కరెంటు పోతే రాస్తున్న ఫైలు పాడవుతుంది కాబట్టి బాక్స్‌నూ డిస్కునూ ఇన్వర్టరు మీద పెట్టడం మేలు. టైమరు అయిదు నిమిషాలు ముందుగా, పావుగంట ఆలస్యంగా పెట్టాలి. మన చానెళ్లలో చివరి పాట ప్రకటించిన వేళకు ముగిసేది తక్కువ.

చివరగా ఒక సహజమైన ఆక్షేపణ: దాచినవన్నీ ఎవరు చూస్తారు? నిజమే, చాలామంది చూడరు. అలాంటివారికి కంపెనీ బాక్సే సరి. చూసి చెరిపేయడానికి దానికి మించింది లేదు. ఏడాదికి నాలుగో అయిదో దాచదగినవి ఉంటాయనుకునేవారికి మాత్రం గంటల సామర్థ్యం కాదు, వేరుచేసి పెట్టుకునే వీలు ముఖ్యం. డిస్కులు కూడా చచ్చేవే. రెండో కాపీ ఉంటేనే దాచినట్టు. తాళం వేసిన రికార్డింగుకు రెండో కాపీ ఉండదు. కనుక కొనేటప్పుడు చేయవలసిన పరీక్ష పది నిమిషాలది. దుకాణంలోనే ఒక పెన్ డ్రైవ్ పెట్టి కాసేపు రికార్డు చేయించి, దాన్ని తీసి అక్కడున్న కంప్యూటర్‌కు పెట్టమనాలి. ‘కంప్యూటర్లో ఎందుకండీ, టీవీలో చక్కగా వస్తుందిగా’ అని దుకాణదారు అంటే, మూడో ప్రశ్నకు జవాబు దొరికినట్టే.