బాణం ఒకవైపే

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే గేమ్‌లో ప్రపంచ వ్యాపారం మొత్తం ఒక డీఏజీ. సీఎస్ఈ వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచ్‌ల వాళ్ల కోసం: డైరెక్టెడ్ ఎసైక్లిక్ గ్రాఫ్ అంటే బాణాలన్నీ ముందుకే పోతాయి, ఏ దారిలో వెళ్లినా బయల్దేరిన చోటికి తిరిగి రాలేం. సెకండ్ ఇయర్‌లో డేటా స్ట్రక్చర్స్ సార్ బోర్డు మీద గీసినప్పుడు నాకు వెంటనే అర్థమైపోయింది. అప్పటికే ఆ గ్రాఫ్‌లో రెండొందల గంటలు బతికాను మరి.

ఇది స్వీడన్‌లోని పారడాక్స్ కంపెనీ 2013లో తెచ్చిన గేమ్. 1444 నవంబర్ 11న మొదలవుతుంది, 1821లో అయిపోతుంది. నచ్చిన రాజ్యం తీసుకుని నడుపుకోవచ్చు. ప్రపంచాన్ని ట్రేడ్ నోడ్స్‌గా విడగొట్టారు. ఒక్కో నోడ్‌లో ఆ చుట్టుపక్కల పండినవీ నేసినవీ తవ్వినవీ పోగవుతాయి. వాటిని అక్కడే సొమ్ము చేసుకోవచ్చు, లేదా ఒక మర్చంట్‌ని కూర్చోబెట్టి బాణం వెంట ముందుకి తోయొచ్చు. తోస్తే దారిలో విలువ ఇంకాస్త పెరుగుతుంది కూడా. బాణాలన్నీ చివరికి మూడు చోట్లకి చేరతాయి: ఇంగ్లిష్ ఛానెల్, జెనోవా, వెనిస్. ఈ మూడింటి నుంచి బయటికి మాత్రం ఒక్క బాణం కూడా లేదు.

మన వైపు నోడ్ పేరు కోరమాండల్. చోళమండలం అనే మాట పరాయి నోళ్లలో పడి అలా తయారైందట. నాకైతే అప్పటిదాకా కోరమాండల్ అంటే రైలు.

హాస్టల్‌లో ముగ్గురం కలిసి ఆడతాం. నాది విజయనగరం. రూమ్మేట్‌ది ఇంగ్లండ్. పక్క రూమ్ వాడు ఆటోమన్ టర్కీ. వాడికి యుద్ధం తప్ప ఏమీ పట్టదు కాబట్టి వాడిని వదిలేద్దాం. మొదటి వారంలోనే నేను గొడవ పెట్టుకున్నాను. "రేయ్, నేను ఎంత బాగా ఆడినా డబ్బు నీ వైపే పారుతుంది, ఇదేం డిజైన్‌రా" అన్నాను. దానికి వాడు చాలా సీరియస్‌గా ఒక సలహా ఇచ్చాడు. "మామా, లండన్ గెలుచుకో. నీ మెయిన్ ట్రేడ్ పోర్ట్ అక్కడికి మార్చేసుకో. అప్పుడు అంతా నీకే వస్తుంది." నిజమే, గేమ్‌లో అలా చేయొచ్చు. విజయనగరం బాగా డబ్బు చేసుకోవాలంటే కొట్టు తీసుకెళ్లి థేమ్స్ ఒడ్డున పెట్టుకోవాలి. బాణాన్ని తిప్పడం మాత్రం ఎవరి వల్లా కాదు.

కోడ్ రాసే మనిషిగా ఆలోచిస్తే వాళ్ల బాధ నాకు తెలుస్తుంది. గ్రాఫ్‌లో సైకిల్ ఉంటే సొమ్ము గుండ్రంగా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ పెరుగుతూ లెక్క తేలకుండా పోతుంది. సైకిల్ లేకపోతే టోపలాజికల్ ఆర్డర్‌లో ఒక్కసారి నడిస్తే చాలు, నెల లెక్క అయిపోతుంది. ఎవరో పాపం ప్రాసెసర్ మీద జాలిపడి ఉంటారు. ఆ జాలి వల్ల దాదాపు నాలుగు వందల ఏళ్ల పాటు ఎవరి జేబు నిండాలో ఫైల్‌లోనే ఖాయమైపోయింది. 2025 నవంబర్‌లో వచ్చిన ఐదో భాగంలో ఈ బాణాలు తీసేశారు. దాన్ని మోసే ల్యాప్‌టాప్ మా ముగ్గురిలో ఒక్కడికీ లేదు. అందుకే ఇంకా బాణాల కిందే ఉన్నాం.

ఇక మా బేరం సంగతి. గేమ్‌లో 1570 దాటింది. ఉత్తరాన బహమనీలు రెండోసారి మీద పడ్డారు. (చరిత్రలో అప్పటికి బహమనీలు లేరు, మా గేమ్‌లో ఉన్నారు.) అప్పులు తీసుకుని తీసుకుని వడ్డీలకే ఖజానా ఖాళీ. కిరాయి సైన్యం కావాలి. ఇంగ్లండ్ వాడు చాలాసేపు నా స్క్రీన్ వైపు చూసి, తీరంలో ఒక్క ప్రావిన్స్ అమ్మితే 400 డకట్లు ఇస్తానన్నాడు. అమ్మాను. ఆ డబ్బుతో సైన్యం పెట్టుకుని బహమనీల్ని గోదావరి దాకా తరిమాను. వాడు ఆ ఒక్క ముక్కని ట్రేడ్ కంపెనీ కింద వేసుకుని, ఓడలు దింపి, నా నోడ్‌లోనే నాతో పోటీకి కూర్చున్నాడు. పక్క రూమ్ వాడు నన్ను ఇప్పటికీ ద్రోహి అంటాడు. నేను ఒప్పుకోను. మళ్లీ ఆ పరిస్థితి వస్తే మళ్లీ అమ్ముతాను.

ఎందుకంటే ఈ బేరం నాకంటే ముందు ఒకాయన చేశాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు దగ్గర కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ వాళ్లకి అనుమతి ఇచ్చాడు. స్కూల్లో మాకు ఇది ఒకే లైన్‌లో చెప్పారు, అదీ ఇంగ్లిష్‌లో, కంపెనీ వైపు నుంచి. ఆయనకి ఏం కావాలో తర్వాత చదివాను. తన ప్రాంతంలో వ్యాపారం పెరగాలి, పర్షియా నుంచి మంచి గుర్రాలు రావాలి, పక్కవాళ్లు మీద పడితే తలదాచుకోవడానికి ఒక గట్టి కోట ఉండాలి. అంటే నాలాగే పక్కవాడి భయం. రెండు వందల ఏళ్ల తర్వాత ఏమవుతుందో ఆయనకి తెలియదు. నాకు తెలుసు, అయినా అమ్మాను. ఆయన్ని తిట్టే అర్హత నాకైతే లేదు.

అసలు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే విషయం. గేమ్‌లో ప్రతి సరుకుకీ ఒక మూల ధర ఉంటుంది. బట్ట 3 డకట్లు. ఉప్పు 3. ధాన్యం రెండున్నర. బానిసలు 2. సరుకుల జాబితాలో వాళ్లూ ఒక సరుకే, పక్కన ఒక చిన్న బొమ్మ. మనిషి ధాన్యం కంటే చవక. ఇది చూపించి "ఆ నోడ్ మీద నీ మర్చంట్‌ని తీసేయ్‌రా" అన్నాను మా వాడితో. వాడు తీయలేదు. "నేను తీస్తే వాళ్లు విడుదలైపోతారా? ఆ సొమ్ము ఫ్రాన్స్‌కి పోతుంది, అంతేగా" అన్నాడు. గేమ్ లెక్కలో వాడిది కరెక్ట్. ఆ రోజుల్లో నిజంగా ఆ వ్యాపారం చేసినవాళ్లు కూడా ఈ మాటే అనుకుని ఉంటారు. అది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

గేమ్‌లో బానిసలు ఎక్కువగా ఆఫ్రికా వైపే కనిపిస్తారు. మన తీరం మీద ఆ బొమ్మ లేదు. కానీ పదిహేడో శతాబ్దంలో కరువు వచ్చినప్పుడు డచ్చి వాళ్లు కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని కొని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఓడల్లో తీసుకెళ్లారు. వాళ్లు ఇక్కడికి మొదట వచ్చింది బట్టల కోసం. మసాలా దీవుల్లో మన బట్టలిస్తే లవంగాలూ జాజికాయలూ దొరికేవి. బట్టలు ఎక్కిన రేవుల నుంచే కరువులో మనుషులూ ఎక్కారు. ఈ సంగతి చెబితే మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గేమ్ కంటిన్యూ చేశాడు. నేనూ చేశాను.

బట్ట అనగానే మా తాతయ్య గుర్తొస్తాడు. అమ్మ వాళ్ల నాన్న. పెడనలో కలంకారీ అద్దకం పని. చెక్క అచ్చులు, కరక్కాయ వాసన, ఎండలో పరిచిన దుప్పట్లు, ఇదీ నా చిన్నప్పటి వేసవి సెలవులు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఇదిగో తాతయ్యా, ఇది మన తీరం, ఈ బట్ట బొమ్మ ఉందే, అది మీరు చేసేదే అన్నాను. కళ్లజోడు పెట్టుకుని దగ్గరకొచ్చి చూశాడు.

"దీని ధర ఎవరు చెప్తార్రా?"

"3 డకట్లు అని గేమ్‌లోనే ఉంటుంది తాతయ్యా."

"చేసినోడు చెప్పడా?"

"చెప్పడు."

"అయితే మా షావుకారు లాగానే" అని కళ్లజోడు తీసేశాడు. తాతయ్య 900కి ఇచ్చిన దుప్పటి లాంటిదే హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో 2,800 అని ట్యాగ్ వేసి ఉండటం నేను చూశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. బహుశా ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు స్క్రీన్ ప్రింట్ వచ్చి ఆ 900 కూడా కష్టమైంది. మామయ్య షెడ్డు అద్దెకి ఇచ్చేద్దామంటున్నాడు.

మా గేమ్ ప్రస్తుతం 1641లో ఆగి ఉంది, మిడ్స్ వల్ల. ఇంగ్లండ్ వాడు ఇంకో ప్రావిన్స్ అడుగుతున్నాడు, ఈసారి 600 ఇస్తాడట. బహమనీలు మళ్లీ సరిహద్దు దగ్గర సైన్యం పోగేస్తున్నారు. నేను 1,500 అన్నాను. "అంత ధర ఎక్కడా లేదు మామా" అంటున్నాడు. ఇక్కడ ధర నేనే చెప్తాను అన్నాను. బేరం ఇంకా తెగలేదు.