తిరగేసిన చొక్కా

ఉగాదికి మా అక్క కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. వచ్చీ రాగానే నా చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు, చొక్కా కఫ్ చూడటానికి. అంచు మడతను బొటనవేలితో ఒకసారి రాసి, గుండీ విప్పి, లోపలి వైపు తిప్పి, "ఇక్కడ కుట్టు ఎగిరింది చూడు మామా. మా లైన్‌లో అయితే చెకింగోళ్లు మొహాన కొడతారు" అంది. నాకేమీ కనబడలేదు. కళ్లజోడు తెచ్చుకుని చూస్తే నిజమే, ఒకచోట దారం గుడ్డను పట్టుకోకుండా పైన తేలి ఉంది.

"ఎంతకు తీసుకొంటివి?"

"నాలుగొందలు" అన్నాను. అది నిజం కాదు. ఆ సంగతి తర్వాత.

పన్నెండేళ్లుగా ఆమె గార్మెంట్స్‌కు పోతోంది. హిందూపురం చుట్టుపక్కల ఈ మాట అందరికీ తెలుసు. ఏ కంపెనీ, ఏ ఉద్యోగం అని ఎవరూ అడగరు, "గార్మెంట్స్‌కు పోతుంది" అంటే చాలు. ఈ పన్నెండేళ్లూ ఆమె కుట్టింది కఫ్‌లే. కాలర్ ఒకరు, జేబు ఒకరు, కాజా ఒకరు, గుండీ ఇంకొకరు. చొక్కా ఆమె దగ్గరికి చేతులుగా వస్తుంది, చేతులుగానే పోతుంది. పూర్తయిన చొక్కాను తన మిషన్ మీద ఒక్కసారీ చూడలేదు.

మా చిన్నప్పుడు బజారులో ఒక దర్జీ ఉండేవాడు. పండగకు పది రోజుల ముందు గుడ్డ ఇస్తే, పండగ ముందురోజు రాత్రి దాకా "కాజాలొక్కటే మిగిలినాయి" అంటూ తిప్పేవాడు. వెళ్లి చూస్తే గుడ్డ ఇంకా కత్తిరించి కూడా ఉండదు. పచ్చి అబద్ధాలకోరు. అయినా ఆ అబద్ధానికి ఒక మొహం ఉండేది, దాని మీద అరవడానికి మాకు వీలుండేది. మా నాన్న కూలి ఎగ్గొట్టాలని చూస్తే మా నాన్న మీద అరవడానికి అతనికీ వీలుండేది.

ఇప్పటి చొక్కాకు మొహం లేదు, లేబుల్ ఉంది. మా పిల్ల నా కాలర్ వెనక్కి లాగి అదీ చదివింది. "మనది కాదు మామా. బంగ్లాదేశ్‌ది." ఒక క్షణం ఆగి, "మా అట్లాంటోళ్లే ఎవరో కుట్టింటారులే" అంది.

ఈలోగా అక్క చెంబుతో నీళ్లు తెచ్చింది. పిల్ల రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం బస్సులో వచ్చిన మనిషి, బయట నిప్పులు చెరిగే ఎండ. "ఇంకొంచెం తాగే" అంటే, "అలవాటు లేదుమా" అంది. అక్కకు అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కు లేవాలి. లేస్తే మిషన్ ఆగుతుంది, వెనకనుంచి వచ్చే బండిల్ పేరుకుంటుంది, లైన్ మొత్తం ఆమె వైపు చూస్తుంది, సూపర్‌వైజర్ వస్తాడు. అందుకని పొద్దున బయల్దేరినప్పటి నుంచే గొంతు తడుపుకోవడంతో సరిపెట్టుకుంటారు. పన్నెండేళ్లకు అది దాహమే మర్చిపోయేంత అలవాటయింది. చుట్టం ఇంటికొస్తే ముందు నీళ్లిచ్చే మర్యాద మనది. ఆ మర్యాదనే ఆమె ఒంటినుంచి ఎవరో కుట్లు విప్పినట్టు విప్పేశారనిపించింది.

లైన్ చివర ఒక బోర్డు ఉంటుందట. గంట గంటకూ ఎన్ని పీసులు కావాలి, ఎన్ని అయ్యాయి అని దాని మీద రాస్తారు. ఆ లెక్క ఎక్కడిదంటే, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక కుర్రాడు మిషన్ వెనక నిలబడి, ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలుచుకుపోతాడు. "బాగా కుడితే టార్గెట్ పెంచుతారు, నిదానంగా కుడితే తిడతారు. అందుకే ఆ పిల్లోడు వచ్చినప్పుడు మధ్యరకంగా కుట్టల్ల" అని నవ్వింది. పనితనాన్ని దాచుకోవడమూ ఒక పనితనమే అన్నమాట.

స్వెట్‌షాప్ అనే ఇంగ్లీషు మాట పుట్టింది ఇలాంటి చోట్లే. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కుట్టుపనిని పెద్ద షాపు దగ్గర గుత్తకు తీసుకుని, పేదవాళ్లకు పంచి, మధ్యలో వాళ్ల చెమట పిండుకునే దళారిని స్వెటర్ అనేవారు. మనకేమో స్వెటరంటే చలికాలపు ఉన్ని తొడుగు. అదే మాట, ఎంత వెచ్చగా వినిపిస్తుందో.

ఆ రాత్రి చొక్కాను తిరగేసి దండెం మీద వేస్తుంటే, రంగు వెలిసిపోకుండా మనం అలాగే ఆరేస్తాం కదా, లేబుల్ పైకి వచ్చింది. సావార్ గుర్తొచ్చింది.

సావార్ ఢాకా పక్కన ఉంటుంది. రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనంలో కింద బ్యాంకూ దుకాణాలూ, పైన ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీలు ఉండేవి. పై అంతస్తులు అనుమతి లేకుండా లేపినవి. 2013 ఏప్రిల్ 23న గోడలూ స్తంభాలూ పగుళ్లు ఇచ్చాయి. బ్యాంకు తన మనుషుల్ని ఇళ్లకు పంపేసింది, దుకాణాలు మూసేశారు. మర్నాడు పొద్దున గార్మెంట్ కార్మికుల్ని మాత్రం లోపలికి పొమ్మన్నారు. రానివాళ్లకు నెల జీతం ఆగిపోతుందన్నారు. అప్పుడు అక్కడ కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. నెల జీతం ఆగిపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లు పగుళ్లను చూస్తూనే మెట్లెక్కారు. తొమ్మిది కాకముందే కరెంటు పోయింది. పై అంతస్తుల్లో పెట్టిన జనరేటర్లు ఆన్ అయ్యాయి. ఆ అదురుకు భవనం మొత్తం కూలింది. చనిపోయినవాళ్లు 1,134 మంది. గాయపడినవాళ్లు రెండు వేలకు పైనే.

నన్ను వెంటాడేది ఆ తర్వాత జరిగింది. ఆ ఫ్యాక్టరీల్లో మా బట్టలు కుట్టించలేదని కొన్ని విదేశీ కంపెనీలు అన్నాయి. కార్మిక సంఘాలవాళ్లు శిథిలాల్లోకి దిగి, ఇటుకల, ఇనుప చువ్వల మధ్య దొరికిన లేబుళ్లూ ఆర్డరు కాగితాలూ ఏరారు. మెడ వెనక గుచ్చుకుంటుందని మనం కత్తెరతో కత్తిరించి పారేసే ఆ చిన్న గుడ్డముక్క అక్కడ సాక్ష్యమైంది. వింతేమిటంటే, అందులోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకుముందే తనిఖీలు జరిగాయి. రిజిస్టర్లు చూశారు, పత్రాలు ఇచ్చారు. స్తంభాల్ని చూడటం వాళ్ల పని కాదట.

దానికి ఐదు నెలల ముందే, 2012 నవంబర్ 24న అషులియాలో తజ్రీన్ ఫ్యాక్టరీ తగలబడి నూటపదిమందికి పైగా పోయారు. బయటికొచ్చే దారుల్లో గేట్లకు తాళాలున్నాయి. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీలోనూ తలుపుకు తాళమే. 146 మంది పోయారు, ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలు. ఆ మంటల్ని రోడ్డు మీదనుంచి చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ తర్వాత అమెరికాకు కార్మిక మంత్రి అయ్యారు. నూరేళ్లు గడిచాయి, సముద్రాలు మారాయి. తాళం మాత్రం అదే. గుడ్డముక్క దొంగతనంగా బయటికి పోకూడదని వేసిన తాళం.

ఇలాంటివి చదివినప్పుడు చదువుకున్నవాళ్లకు మొదట వచ్చే ఆలోచన, ఇకనుంచి ఆ బట్టలు కొనకూడదని. నాకూ వచ్చింది. కానీ కొనడం మానండని బంగ్లాదేశ్ కార్మిక నాయకురాలు కల్పన అఖ్తర్ అనలేదు. పన్నెండేళ్లకే మిషన్ ముందు కూర్చుని, సంఘం పెట్టబోయినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ దేశపు ఎగుమతి ఆదాయంలో నూటికి ఎనభైకి పైగా ఈ బట్టలదే. 1979లో 130 మందిని కొరియాకు పంపి కుట్టుపని నేర్పించుకున్న ఒక కంపెనీతో ఊపందుకున్న పరిశ్రమ ఇది. లక్షలాది ఆడపిల్లల చేతికి మొదటిసారి సొంత జీతం ఇచ్చిందీ ఇదే. నేను ఒక చొక్కా మానేస్తే నా మనసు తేలికవుతుంది, అంతే.

తేడా తెచ్చింది ఒక కాగితం. రాణా ప్లాజా కూలిన మూడు వారాలకు కంపెనీలూ కార్మిక సంఘాలూ కలిసి సంతకాలు పెట్టిన అకార్డ్ అనే ఒప్పందం. రెండు వందలకు పైగా కంపెనీలు అందులో చేరాయి. అంతకుముందు నీతి వాక్యాలు చాలానే ఉండేవి, గోడకు తగిలించుకోవడానికి. దీనికి చట్టబద్ధత ఉండేది, మాట తప్పితే నిలదీసి అడగడానికి వీలుండేది. స్తంభాలు కొలిచారు, తాళాలు పడే గేట్లు తీయించారు. జీతాల సంగతి మాత్రం ఆ కాగితంలో లేదు. 2023లో నెలకు కనీసం 23,000 టాకాలు కావాలని రోడ్డెక్కితే 12,500 ఇచ్చారు.

రోడ్డెక్కడమంటే గుర్తొచ్చింది. మా పిల్లా ఎక్కింది ఒకసారి. 2016 ఏప్రిల్. పీఎఫ్‌లో యజమాని వేసిన భాగం 58 ఏళ్లొచ్చే దాకా తీసుకోకూడదని కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. పేపర్లో చదివినవాళ్లకు అది మంచి నిబంధనే, వృద్ధాప్యానికి భద్రత. గార్మెంట్స్‌లో 58 ఏళ్ల దాకా ఎవరు కుడతారు? నలభైకే నడుమూ కళ్లూ పోతాయి. పని మానితే వచ్చే ఆ డబ్బు మీదే కూతురి పెళ్లి, ఇంటి పైకప్పు, అప్పు తీర్చడం. 18న బెంగళూరులో హోసూరు రోడ్డు మీద మొదలై, మర్నాటికి తుమకూరు రోడ్డూ, ఇంకా చాలా రోడ్లూ ఆడవాళ్లతో నిండిపోయాయి. పిలుపిచ్చిన నాయకుడు లేడు. రాళ్లు పడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి. 19 సాయంత్రానికి కేంద్రం నిబంధన వెనక్కి తీసుకుంది.

"భయం కాలేదా?" అని అడిగాను.

"అయింది. కానీ మామా, ఆ పొద్దు ఆ రోడ్డు మీద అంగడోళ్లు నీళ్లు ఇచ్చినారు. కడుపు నిండా తాగినా."

మూడోరోజు ఊరికి బయల్దేరే ముందు నా చొక్కా అడిగి తీసుకుంది. ఎగిరిన కుట్టు విప్పి, అదే రంగు దారం వెతికి, చేత్తోనే మళ్లీ వేసింది. దారం పంటితో తెంపుతూ తలెత్తకుండా అడిగింది. "ఇప్పుడన్నా చెప్పు, నిజంగా ఎంత?"

"పదమూడొందలు."

మన ఇళ్లలో కొన్నదాని ధర తగ్గించి చెప్పడం పెళ్లాం ముందు చేసే పని. మేనకోడలి ముందు ఎందుకు చేశానో నాకే తెలియదు. తెలుసులే. ఆమె రెండు మూడు రోజుల జీతం నా ఒంటి మీద ఉంది.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలీదనుకుంటివా? ప్యాకింగ్‌లో ధర బిల్లలు తగిలించేది మావాళ్లే కదా" అంది. డాలర్లలో, పౌండ్లలో ఉంటాయట. "మొదట్లో డబ్బా అన్నం తింటా అంతా రూపాయల్లోకి మార్చి చూసుకునేవాళ్లం. ఇప్పుడు చూడం."

గుండీ పెట్టి, తిరగేసిన చొక్కాను మళ్లీ తిప్పి, దుకాణంలో ఉండే మడతే పెట్టి నా చేతికిచ్చింది.