హోప్ కాలేజీ స్టాపు

కోయంబత్తూరు రైల్వే స్టేషను బయట టౌన్ బస్సు కండక్టరు "హోప్ కాలేజీ, హోప్ కాలేజీ" అని కేక వేయగానే మా చెల్లెమ్మ గబగబా సంచీ ఎత్తుకుంది. "అన్నా, ఇదేనా మన పాప కాలేజీ?" అంది.

చెల్లెమ్మ అంటే నా తోడబుట్టినది కాదు. హోసూరులో మా వీధి చివర ఉంటారు. భర్త గులాబీ తోటలో పని. పూలు కోసి, కట్టలు కట్టి, పొద్దెక్కకముందే వ్యాను ఎక్కించాలి. ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి లేదు. అందుకని కూతురిని కాలేజీలో చేర్చడానికి తల్లి బయలుదేరింది, తోడుగా నేను. ఆ ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవారు లేరు. పిల్లకు ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చింది.

"ఇది కాదమ్మా. మన కాలేజీ ఊరికి అటుపక్క, తడాగం రోడ్డులో ఉంది. రేపు పొద్దున పోవాలి. ఇప్పుడు పోయేది పీళమేడులో మా పాత ఇంటి ఓనరమ్మ గారింటికి. హోప్ కాలేజీ దగ్గర అసలు హోప్ కాలేజీయే లేదు" అన్నాను.

"లేని కాలేజీకి బస్సెందుకన్నా?"

మంచి ప్రశ్న. ఈ ఊళ్ళో నేను మూడేళ్ళు, 2002 నుంచి 2005 దాకా, ఉద్యోగం చేశాను. ఆ స్టాపులో రోజూ బస్సెక్కాను. ఆ ప్రశ్న నాకు మాత్రం రెండేళ్ళకు గాని తోచలేదు.

కిటికీ పక్క సీటు పిల్లకు ఇచ్చి, తెలిసినంతలో చెప్పుకుంటూ వచ్చాను. హోప్ అంటే ఆశ కాదు, మనిషి పేరు. సర్ ఆర్థర్ హోప్ అని 1940 నుంచి 1946 వరకు మద్రాసు గవర్నరు. 1945లో ఆయన పేరున ఇక్కడ ఒక టెక్నికల్ కాలేజీ వెలిసింది. దానికి డబ్బూ చోటూ సమకూర్చి నిలబెట్టినవారు జి.డి. నాయుడు గారు. 1893లో కలంగల్ అనే పల్లెలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి ఆయనకు అచ్చిరాలేదు. పంతులు ముఖాన ఇసుక కొట్టి పారిపోయిన కథ ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. తర్వాత హోటల్లో సర్వరుగా పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి మోటారు సైకిలు కొన్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద కంపెనీ అయింది. ఈ దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారులో, 1937లో, ఆయన చేయి కూడా ఉంది.

అంతటి మనిషి కాలేజీకి డబ్బిచ్చి ఊరుకోలేదు, తానే ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. కూర్చుని, ఈ చదువుకు నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలు అన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా ఇచ్చేశారు. తర్వాత కాలేజీ పేరు మారింది, చోటు మారింది. ఇప్పుడు తడాగం రోడ్డులో ఉన్న గవర్నమెంట్ కాలేజీ అదే.

"అయితే మన కాలేజీయే గదా మామా!" అంది పిల్ల, రైలెక్కినప్పటి నుంచి మొదటిసారి నోరు విప్పి.

అవును. బడి నుంచి పారిపోయినవాడు పెట్టించిన కాలేజీ. అందులో ఈ పిల్ల చేరబోతోంది. పేరేమో స్టాపు దగ్గరే మిగిలిపోయింది.

మా బస్సు పోతున్నది అవినాశి రోడ్డు. పైన పది కిలోమీటర్ల వంతెన. 2025 అక్టోబరులో తెరిచారు, దానికి జి.డి. నాయుడు గారి పేరే పెట్టారు. వీధుల పేర్లలో కులం మాట ఉండరాదని ప్రభుత్వం అన్న రోజుల్లోనే ఈ పేరు పెట్టినందుకు పేపర్లలో కొంత వాదన జరిగింది. నాకైతే ఆ వంతెన మీద దిగులు వేరే. పైనుంచి కార్లలో పోయేవారికి కింద ఉన్న ఊరు కనబడదు. కిందనే గదా అంతా ఉంది! అన్నా విగ్రహం దాటాక జి.డి. మ్యూజియం, ఆపైన లక్ష్మీ మిల్స్, తర్వాత పీళమేడు.

పీళమేడు గురించి మన పాఠకుల్లో కోయంబత్తూరువారికి నేను చెప్పవలసింది లేదు. తక్కినవారికి కొంచెం చెబుతాను. నాయకరాజుల కాలం నుంచీ ఈ నల్లరేగడి మీద ప్రత్తి పండించుకుంటూ స్థిరపడిన తెలుగు రైతులు, ప్రత్తి నుంచి జిన్నింగుకు, జిన్నింగు నుంచి నూలు మిల్లులకు వచ్చారు. 1932లో పైకారా జలవిద్యుత్తు రాగానే మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటికి మోటార్లు కావాలి, పొలాలకు పంపులు కావాలి, పంపులకు ఫౌండ్రీలు కావాలి. మనవాళ్ళొక్కరే చేశారనడం న్యాయం కాదు. మొదటి మిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టాడు. గౌండర్లు, చెట్టియార్లు, గుజరాతీలు అందరి చెమటా ఉంది. ఆడపిల్లల చదువుకు అవినాశిలింగం చెట్టియార్ గారు 1957లో పెట్టిన కాలేజీ ఈనాడు విశ్వవిద్యాలయ స్థాయికి ఎదిగింది. కాని పీళమేడు వీధిలో నడిస్తే అరుగుల మీద తెలుగు వినబడుతుంది. చదవడం రాయడం తమిళంలో, కోపం వస్తే తెలుగులో.

బ్యాంకువాడిని గనుక నాకు ఈ ఊళ్ళో బాగా నచ్చిన కథ ఒక భాగపంపకాల కథ. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారికి నలుగురు కొడుకులు: వెంకటస్వామి, రంగస్వామి, గంగా, నారాయణస్వామి. 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు నాలుగు భాగాలు కాక అయిదు వేశారు. అయిదోది ధర్మానికి. అదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. అంతకు రెండేళ్ళ ముందే, 1924లో, సర్వజన పాఠశాల అని పెట్టారు. పేరులోనే ఉంది, ఏ కులం పిల్లలైనా రావచ్చునని. ఆ రోజుల్లో అది చిన్నమాట కాదు.

నేను చూసిన బ్యాలెన్సు షీట్లలో ధర్మం ఎప్పుడూ చివరి లైను. జీతాలు, వడ్డీ, పన్ను, అందరి వాటాలు పోగా మిగిలితే దేవుడికి ఇంత, బడికి ఇంత. వీళ్ళు ధర్మాన్ని అయిదో తమ్ముడిగా కూర్చోబెట్టారు. తమ్ముడి వాటా లాభం వచ్చిన ఏడు ఇచ్చి, నష్టం వచ్చిన ఏడు ఎగ్గొట్టేది కాదు.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. బడి పక్కనే ఒక కార్ఖానా పెట్టారు. పి.ఎస్.జి. ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ అని, పంపులు, మోటార్లు, యంత్రాలు అక్కడ తయారు. 1939లో పాలిటెక్నిక్, 1947లో ఆర్ట్స్ కాలేజీ, 1951లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు జి.ఆర్. దామోదరన్ గారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. శాండ్‌విచ్ కోర్సు అని అక్కడ ఒకటి ఉంది. క్లాసుతో పాటే కార్ఖానాలో పని, చదువు ఒక ఏడాది ఎక్కువ. మిల్లు కార్మికుడి కొడుకుకు క్లాసు కొత్తదేమో గాని, లేతు యంత్రం ముందు నిలబడితే బెదురు ఉండదు. ఆ సంగతి మిల్లు నడిపినవారికే తెలుస్తుంది.

ఓనరమ్మ గారికి ఎనభై దాటాయి. గేటు తీస్తూనే "ఏమి నాయనా, బాగుండావా? తలంతా నెరిసిపోయిందే!" అన్నారు. కాఫీ తాగి, తల్లీకూతుళ్ళను ఆమెకు అప్పగించి, సాయంత్రం ఒక్కడినే హోప్స్ దాకా నడిచాను. ఆ స్టాపును ఈ ఊరివాళ్ళు పొట్టిగా హోప్స్ అంటారు. అక్కడ నాకొక పాత బాకీ ఉంది.

2004 జూలైలో ఒక అబ్బాయి మా శాఖకు వచ్చాడు. తండ్రి మూతబడిన మిల్లులో కార్మికుడు. ఇంజనీరింగులో సీటు వచ్చింది. అడిగిన అప్పు లక్షన్నర. నన్ను చూసి, బోర్డు మీది పేరు చదివి, తెలుగులో మాట్లాడాడు. 2001లో వచ్చిన విద్యారుణాల పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు తాకట్టు అక్కరలేదు, మూడో మనిషి జామీను అక్కరలేదు, తండ్రి సంతకం చాలు. ఆ సర్క్యులరు నా సొరుగులోనే ఉంది. కాని మా శాఖలో అప్పటికే కొన్ని బాకీలు మొండికెక్కాయి. పైవారు నోటితో ఒకటి చెప్పారు, కాగితం మీద పెట్టలేదు. నేను ఆ అబ్బాయిని, "ఇంటి పత్రాలు ఏమైనా ఉన్నాయా? ఉద్యోగం చేసే బంధువు ఎవరైనా సంతకం పెడతారా?" అని అడిగాను. లేవన్నాడు, లేరన్నాడు. "వచ్చే వారం రా, చూద్దాం" అన్నాను. వచ్చాడు. మళ్ళీ వచ్చే వారం అన్నాను. కాదని ఒక్కసారి కూడా అనలేదు. అంటే రాసివ్వాలి, రాసిస్తే కారణం చూపాలి. మూడోసారి అతను రాలేదు. కాలేజీలో చేరవలసిన తేదీ దాటిపోయింది.

దీపావళి ముందు హోప్స్ స్టాపులో కనిపించాడు. చొక్కా నిండా గ్రీజు. ఏదో వర్క్‌షాపులో లేతు మీద చేరాడట. "నమస్కారం సార్" అన్నాడు, నవ్వుతూనే. నేను బస్సు వచ్చిందని ఎక్కేశాను. అది నేను ఎక్కవలసిన బస్సు కాదు.

ఇన్నేళ్ళలో ఎన్ని విద్యారుణాలు మంజూరు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఇవ్వనిది మాత్రం లెక్క ఉంది. ఈసారి చెల్లెమ్మ కూతురి దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టలులో దగ్గరుండి నేనే వేయించాను. ఆమె ఖాతా ఉన్నది వేరే బ్యాంకులో. అక్కడి కుర్ర ఆఫీసరు, నా కొడుకు వయసు, మొదటి మాటగా "జామీను ఎవరు?" అన్నాడు. కోపం రాలేదు, నా గొంతే విన్నట్టయింది. రూలు చూపించాను. వారం తిరగకుండా మంజూరు కాగితం ఇచ్చాడు.

మర్నాడు పొద్దున తడాగం రోడ్డు. చెట్ల నీడలో పాత రాతి కట్టడం, వరండా నిండా తల్లులూ తండ్రులూ ఫైళ్ళూ. మా ఫైలులో అన్నిటికన్నా విలువైన కాగితం 'మొదటి పట్టభద్రుల' సర్టిఫికెట్. కుటుంబంలో మొదటిసారి డిగ్రీకి వచ్చినవారికి, కౌన్సెలింగులో సీటు వస్తే, తమిళనాడులో 2010 నుంచి ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. పక్కన నిలబడిన ఒక తండ్రి తన కూతురు ఆరో తరగతి నుంచీ సర్కారు బడిలోనే చదివిందని, 7.5 శాతం కోటాలో ఫీజు, హాస్టలు అన్నీ ప్రభుత్వమే కడుతుందని చెప్పాడు. 2021లో వచ్చిన ఏర్పాటు అది. చెల్లెమ్మ ముఖం చిన్నబోయింది. వీళ్ళు ఎనిమిదో తరగతి వరకు పిల్లను ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి పంపారు, చీటీ ఎత్తి ఫీజు కట్టారు. ఆ మూడేళ్ళే, ఆరు, ఏడు, ఎనిమిది, కోటాకు అడ్డం వచ్చాయి.

"అప్పు చేసి మరీ పోగొట్టుకున్నామా అన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు వాళ్ళకు అదే మంచిదని తోచింది. చెప్పేవారు లేరు.

ఇతర రాష్ట్రాల్లోని మన కుటుంబాలకు ఈ కోటాలు వర్తించవు గాని, ఒక్క సంగతి అందరికీ పనికొస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలలోపు ఉంటే, వృత్తివిద్యా కోర్సులకు తీసుకున్న విద్యారుణం మీద చదివే కాలపు వడ్డీ కేంద్ర ప్రభుత్వం కట్టే పథకం 2009 నుంచి ఉంది. దానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి. మంజూరు అయ్యాక బ్యాంకుకు ఇచ్చి, నమోదు చేశారో లేదో అడగాలి. మేమంతట మేము గుర్తుపెట్టుకుని చేస్తామని నమ్మవద్దు. కౌంటరు ఇవతల ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

మధ్యాహ్నానికి పని అయింది. హాస్టలు గేటు దగ్గర పిల్ల తల్లిని పట్టుకుని ఏడవలేదు. తల్లే ఏడ్చింది. పిల్ల నా దగ్గరకు వచ్చి, "మామా, ఆ స్టాపుకు ఏ నంబరు బస్సు?" అని అడిగింది. చెప్పాను. చేతి మీద పెన్నుతో రాసుకుంది.

తిరుగు రైలుకు ఇంకా టైముంది. పెట్టె ఓనరమ్మ గారింట్లోనే ఉంది గనుక మళ్ళీ అవినాశి రోడ్డు బస్సు ఎక్కాం. కండక్టరు వచ్చి టికెట్ ఎక్కడికని అడిగాడు. నేను పర్సు తీసేలోపే చెల్లెమ్మ, తనకు వచ్చిన తమిళంలో, గట్టిగా "హోప్ కాలేజీ, రెండు" అంది.