నంబరు చెప్పని వెయిటింగ్ లిస్టు

అమెరికాలో దేనికైనా నంబరు ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో చీటీ మీద నంబరు, మాంసం కౌంటర్ దగ్గర చీటీ మీద నంబరు. కాలేజీ వెయిట్‌లిస్టుకి మాత్రం సాధారణంగా ఇవ్వరు. మార్చి నెలాఖరున మా అమ్మాయికి ఒక కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. సీటు ఇస్తున్నామనీ లేదు, ఇవ్వమనీ లేదు. ఇష్టమైతే లిస్టులో ఉండొచ్చట. ఎన్నో నంబరండీ అని ఫోన్ చేసి అడిగితే, మా లిస్టుకి వరస ఉండదు సార్ అన్నారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

మా ఊరు జీకే వీధిలో ఉన్న అమ్మకి చెప్పాను. మిరియాలు ఆరబోస్తూ, ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతోంది. "వెయిటింగా? ఎంతలో ఉందిరా?" అంది. నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రైలెక్కే మనిషి. వెయిటింగ్ 14 అంటే ఆశ పెట్టుకోవచ్చు, 140 అంటే బస్సు చూసుకోవాలి, చార్టు పడితే తేలిపోతుంది. నంబరు లేదమ్మా అంటే నమ్మలేదు. "నీకు అడగడం రాలేదు. ఎమ్మెల్యే గారితో ఓ మాట చెప్పించకపోయావా!"

వరస ఎందుకు ఉండదో అడిగి తెలుసుకున్నాను లెండి. చేరేవాళ్లు మే 1 కల్లా డిపాజిట్ కడతారు. అప్పుడు ఏ విభాగంలో ఖాళీలు మిగిలాయో చూసి, ఆ విభాగానికి సరిపోయే పిల్లల్ని లిస్టులోంచి ఏరుకుంటారు. నర్సింగ్‌లో ఖాళీ ఉంటే ఇంజినీరింగ్ అడిగిన పిల్ల ఎంత ముందున్నా లాభం లేదు. న్యాయంగానే ఉంది. పైగా చాలా కాలేజీలు ఏటా 'కామన్ డేటా సెట్' అని ఒక పత్రం బయటపెడతాయి. వెయిట్‌లిస్టు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందికి సీటొచ్చింది అన్నీ అందులో ఉంటాయి. కొన్ని పేరున్న కాలేజీలు కొన్నేళ్లు ఆ చివరి గడిలో సున్నా వేశాయి. సున్నా అని రాసి చూపించే ధైర్యానికి దణ్ణం పెట్టాల్సిందే. అంత లెక్క చూపించేవాళ్లు నా పిల్ల నంబరు చెబితే ఏం పోయింది?

మా రోజుల్లో గురుకులం సీట్ల లిస్టు చింతపల్లిలో గోడకి అంటించేవారు. నాన్న జీపు టాపు మీద కూర్చుని వెళ్లి చూసొచ్చాడు. వెయిటింగ్‌లో నాది మూడు. పై ఇద్దరి పేర్లూ, ఊళ్లూ కాగితం మీద రాసుకొచ్చాడు. ఆ వారం సంతలో ఒకబ్బాయి తండ్రిని పట్టుకుని, చుట్ట వెలిగించి ఇచ్చి, "మీవాణ్ణి అంత దూరం పంపిస్తావా బావా? అక్కడ దోమలు ఎక్కువంట" అన్నాడు. ఆయన నవ్వి, "మీవాణ్ణి కుట్టవా ఏం?" అన్నాడు. ఇద్దరం చేరాం. ఆ బావ కొడుకు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తాడు.

ఇక్కడ దోమల కథ చెప్పడానికి పైనున్నది ఎవరో తెలియదు. చేయగలిగింది ఉత్తరం రాయడమే. అదీ ఆ కాలేజీ ఒప్పుకుంటేనే. ఏమీ పంపొద్దని ముందే చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట వినాలి. ముందు లిస్టులో ఉంటానని గడువులోగా నొక్కాలి. తర్వాత పేజీ దాటకుండా, దరఖాస్తు పెట్టాక వచ్చిన మార్కులు, చేసిన పని చెప్పాలి. సీటిస్తే తప్పక చేరతానని రాస్తే దానికి విలువుంటుంది, కానీ ఆ మాట ఒక్క కాలేజీకే, అదీ నిజమైతేనే. కొత్త మార్కులు స్కూలు కౌన్సెలర్ పంపాలి. ఉత్తరం పిల్లే రాయాలి, తండ్రి కాదు. ఈ నియమం నాకోసమే పెట్టినట్టుంది.

ఒక్క పూట పరీక్షతో జాతకం తేల్చకుండా నాలుగేళ్ల చదువు చూడటం గొప్పే, ఒప్పుకుంటాను. ఎంసెట్ వచ్చిన దగ్గర్నుంచి మనవాళ్లు ర్యాంకు కింద నలిగిపోయారు. కానీ 2024లో 50 సీట్లతో మొదలైన మా పాడేరు మెడికల్ కాలేజీలో ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో నీట్ రాసే ఏ పిల్లయినా చూసుకోగలదు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకి జరిగే జోసా కౌన్సెలింగ్‌లో ఫ్లోట్ అని నొక్కితే వచ్చిన సీటు చేతిలో ఉంచుకునే పైదానికి ఎదురుచూడొచ్చు. మనది మొరటు పద్ధతే, గుట్టు మాత్రం తక్కువ.

ఇలాంటి మెయిల్ వచ్చిన తల్లిదండ్రులకు ఒక్క మాట. సీటొచ్చిన కాలేజీల్లో ఒకదానికి మే 1 లోపు డిపాజిట్ కట్టేయండి. తర్వాత వెయిట్‌లిస్టు కాలేజీ పిలిచినా ఆ డబ్బు మామూలుగా వెనక్కి రాదు, తెలిసే కట్టండి. కొన్నిచోట్ల వెయిట్‌లిస్టు పిల్లలకి ఆర్థిక సాయం తక్కువ మిగులుతుంది. పిలుపొస్తే సంతోషంలో వెంటనే సరే అనకుండా, ఏడాదికి ఎంతవుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి.