మావారూ నేనూ హోటలు భోజనాలూ

"వంట అంత బాగా చేస్తారు, మరి నెలకి రెండుసార్లు హోటలుకి ఎందుకు వెళ్తారండీ?" అని మా పక్కింటావిడ ఈమధ్య నన్ను సూటిగా అడిగేసింది. అందులో ఆవిడ తప్పేం లేదు. నా చేతి గుత్తివంకాయ కూర గిన్నెలో పెట్టించుకుని వెళ్ళే మనిషి, ఆ మాత్రం అనుమానం రాకుండా ఉంటుందా! "మావారికి సరదా" అని అప్పటికి తప్పించుకున్నాను. నిజానికి సరదా నాది. అంటించింది మాత్రం ఆయన.

2001లో నా పెళ్ళయింది. ఇంటరుతో చదువు ఆపేసిన రెండేళ్ళకి తెనాలి కోడలినయ్యాను. అత్తయ్యగారు, మామయ్యగారు, ఇద్దరు మరుదులు, ఒక ఆడబడుచు, మేమిద్దరం. మొత్తం ఏడు కంచాలు. ముందు మగవాళ్ళు, తర్వాత కాలేజీకి వెళ్ళే ఆడబడుచు, అందరూ లేచాక అత్తయ్యగారూ నేనూ. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. అన్నం చల్లారి గడ్డకట్టేది. పులుసులో ముక్కలు అయిపోయి నీళ్ళు మిగిలేవి. వేపుడైతే మూకుడికి అంటుకున్న మాడే. అందులోనే ఇంత అన్నం వేసి కలుపుకునేవాళ్ళం. (ఆ మూకుడన్నం రుచి వేరులెండి, అది ఒప్పుకోవాలి.) నన్ను ఎవరో రాచి రంపాన పెట్టారని కాదు. పుట్టింట్లో మా అమ్మా అలాగే తినేది. ఆడవాళ్ళ భోజనమంటే అంతే కాబోలు అనుకునేదాన్ని.

ఇక హోటలు తిండి పేరెత్తితే అత్తయ్యగారికి ఒళ్ళు మంట. "ఎవరు వండారో, ఎవరు కడిగారో!" అనేవారు.

2002లో ఓసారి మావారి బ్యాంకుకి సెలవొచ్చింది. పొద్దున్నే "అమ్మా, దీనికి తలనొప్పి వస్తోందిట. బెజవాడ తీసుకెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకొస్తాను" అన్నారు. నేను తెల్లబోయాను. నాకు తలనొప్పేమిటి! రైలెక్కాక అడిగితే "కాసేపు ఊరుకోవోయ్" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తీరా దిగాక తీసుకెళ్ళింది గాంధీనగరులోని బాబాయ్ హోటలుకి. జనం కిటకిటలాడుతున్నారు. ఒకళ్ళు లేస్తుంటే ఇంకొకళ్ళు కూర్చుంటున్నారు. నేను పమిట భుజాల నిండా కప్పుకుని గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాను. పొగలు కక్కుతున్న ఇడ్లీలు, మీద కారప్పొడి, దాని మీద వెన్న. నా ముందో ప్లేటు, ఆయన ముందో ప్లేటు.

ఆయన రెండు తుంపులు తిని తలెత్తి చూశారు. నేను ప్లేటు ముట్టుకోలేదు.

"తినవేం?"

"మీరు కానివ్వండి. తర్వాత తింటాను."

ఆయనకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ తర్వాత అంటూ ఉండదోయ్. చల్లారకముందే తిను" అన్నారు మెల్లిగా. తిన్నాను. వెన్న కరిగి కారప్పొడిలో కలిసి వేళ్ళమీదుగా కారుతోంది. పెళ్ళయిన ఏడాదిన్నరలో మావారి ఎదురుగా కూర్చుని, ఆయనతోపాటు వేడివేడిగా తిన్నది అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి. కారప్పొడి ఘాటు అని చెప్పాను.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు అడిగారు, "డాక్టరేమన్నాడే?" అని. "చుక్కలు వేశారండీ" అన్నాను. మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేకపోతే "ఆ మందు వేడి చేసుంటుంది" అని మజ్జిగ కలిపిచ్చారు. తప్పు చేశానని ఆ పూటంతా మనసు పీకుతూనే ఉంది. కానీ ఆ తర్వాత రెండేళ్ళలో నా కళ్ళు ఎన్నిసార్లు పాడయ్యాయో లెక్కలేదు! కంటిజోడు మాత్రం రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎందుకు అడగలేదో అప్పట్లో నాకు తట్టనేలేదు.

మావారి సంగతి చెప్పాలి. ఏ ఊరెళ్ళినా, ఏ హోటలుకెళ్ళినా ఆయన అడిగేది పూరీయే. ఇంట్లో దొరకని వస్తువా అది? నేనేమో ఇంట్లో చెయ్యనిది, పేరు కూడా విననిది తెప్పించుకుంటాను. అది వచ్చాక ఆయన పూరీ మానేసి నా ప్లేటు వంక చూస్తారు. సగం సగం పంచుకుంటాం. ఇన్నేళ్ళలో నేను పూర్తిగా తిన్న కొత్త వంటకం ఒక్కటీ లేదంటే నమ్మండి.

2011లో కాకినాడలో పెళ్ళి తగిలింది. గోదావరి మీద రైలు వెళ్తుంటే చిల్లర వేసి దణ్ణం పెట్టుకున్నాను. పక్కన పాత హేవలాక్ బ్రిడ్జి ఉంది కదా, 1900లో మొదలై 1997 దాకా రైళ్ళని మోసి ఇప్పుడు ఖాళీగా నిలబడింది. "చూశావా, దానికీ రిటైర్మెంటు ఇచ్చారు, నాకెప్పుడో" అన్నారు మావారు. కాకినాడ వెళ్ళి సుబ్బయ్య హోటల్లో భోంచెయ్యకుండా ఎవరొస్తారు? ఆకు నిండా వడ్డించారు. కొసరి కొసరి వేస్తూ "ఇంకొంచెం వెయ్యమంటారా అమ్మా?" అని సర్వరు నన్నే అడుగుతుంటే, ఎప్పుడూ ఆ మాట అడిగే నాకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. మావారే "వెయ్యి బాబూ, ఆవిడ మొహమాటపడుతుంది" అన్నారు.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగి అరకిలో పనసపొట్టు కొన్నాను. పొట్టు కొట్టే ఆవిడ కూర ఎలా చెయ్యాలో అక్కడికక్కడే చెప్పింది. పొట్టుని ఉప్పు, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి, చల్లారాక గట్టిగా పిండాలి. నూనె కాస్త ఎక్కువే పోసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, జీడిపప్పు పోపు పెట్టి, నిమ్మకాయంత చింతపండు చిక్కగా గుజ్జు తీసి అందులో ఉడకనిచ్చి, పొట్టు వేసి తడి పోయేదాకా కలపాలి. అసలు కీలకం ఆవపిండి. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ కాసిని నీళ్ళతో నూరి, కూర దించి కాస్త చల్లారాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. మొదటిసారి తొందరపడి నేను ఆ పనే చేశాను. మావారు పాపం మారుమాట లేకుండా తిన్నారు. అత్తయ్యగారే "ఇదేం కూరే, వేపాకు వేశావా?" అన్నారు. రెండోసారి కుదిరింది.

2014 డిసెంబరులో కాశీ వెళ్ళాం. మధ్యాహ్నం ఆంధ్రాశ్రమంలో మన భోజనమే కాబట్టి ఇబ్బంది లేదు. పొద్దున్న మాత్రం సందుల్లో పడి తిరిగేవాళ్ళం. అక్కడ టిఫినంటే కచోరీ, దానితోపాటు జిలేబీ! కారం, తీపి ఒకేసారి ఏమిట్రా అనుకున్నాను గానీ మూడోరోజుకి అలవాటైపోయింది. మలైయో అని ఇంకొకటుంది, చలికాలంలోనే దొరుకుతుంది. కాచిన పాలని రాత్రంతా మంచులో ఉంచి తెల్లవారుజామున చిలికి, ఆ నురగని కుంకుమపువ్వు, యాలకులతో మట్టి ముంతలో పెట్టిస్తారు. నోట్లో పెట్టుకుంటే ఉందో లేదో తెలీదు. అన్నింటినీ ఇంటికొచ్చి చేసి చూసే నేను దాని జోలికి మాత్రం పోలేదు. తెనాలిలో ఆ చలి ఎక్కణ్ణుంచి తెస్తాను?

కాశీ వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలెయ్యాలంటారు కదా. నేను నిజాయితీగా సీతాఫలం వదిలేశాను. మావారు గంగలో మూడు మునకలేసి కాకరకాయ వదిలేశారు! జన్మలో ఏనాడూ ముట్టని కాయ. "ఇష్టమైనది వదలాలండీ" అంటే "దానికి నేనంటే ఇష్టం లేదులే, సరిపోయింది" అన్నారు. 2018లో ఆయనకి షుగరు బయటపడింది. తెలిసినవాళ్ళంతా కాకరకాయ తినమని చెప్పేవాళ్ళే. ఆయన చేతులు జోడించి "కాశీలో వదిలేశానండీ" అంటారు!

షుగరు వచ్చాక మా తిరుగుళ్ళు అయిపోయాయనుకున్నాను. అవలేదు గానీ రూపం మారింది. పూరీ పోయి పెసరట్టొచ్చింది. కాఫీలో చక్కెర వద్దని సర్వరుకి ముందే చెప్పడం నా డ్యూటీ. 2020లో లాక్‌డౌన్ పెట్టి హోటళ్ళు మూసేస్తే రాత్రిళ్ళు డాబా మీదకి రెండు కంచాలు పట్టుకెళ్ళి తినేవాళ్ళం. ఓ రోజు మావారు భుజాన తువ్వాలు వేసుకొచ్చి "ఇంకో గరిటె వెయ్యమంటారా అమ్మా?" అన్నారు. పిల్లలు పడిపడి నవ్వారు.

మామయ్యగారు 2021లో పోయారు. మరుదులు వేరే ఊళ్ళల్లో ఉన్నారు, ఆడబడుచు అత్తారింట్లో. అత్తయ్యగారు మాతోనే. మామయ్యగారు పోయాక ఆవిడ తిండి తగ్గించేశారు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేవారు. 2023లో డెబ్భై మూడేళ్ళ వయసులో ఆవిడకి బెజవాడలోనే శుక్లాల ఆపరేషను చేయించాం. నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నమైపోయింది. మావారు నా వంక చూశారు. నేను అత్తయ్యగారి వంక చూశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఓ భోజన హోటల్లో ముగ్గురం కూర్చున్నాం.

ఆకులు వేశారు. పప్పు, కూర, పులుసు, అన్నం అన్నీ పొగలు కక్కుతూ వచ్చాయి. మావారు మొదలుపెట్టారు. అత్తయ్యగారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. హోటలని అసహ్యమేమో అనుకుని "తినండత్తయ్యా" అన్నాను.

"వాడు తిననీ. నువ్వూ కానీ. తర్వాత తింటాలే" అన్నారు.

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

నేనే పప్పన్నంలో నెయ్యి వేయించి, కలిపి ఆవిడ ముందుకు జరిపాను. "ఇక్కడ తర్వాత అంటూ ఉండదత్తయ్యా. చల్లారకముందే తినాలి" అన్నాను. ఆవిడ నెమ్మదిగా ఓ ముద్ద పెట్టుకున్నారు. ఇంకోటి పెట్టుకున్నారు. సర్వరు వచ్చి "ఇంకాస్త వెయ్యమంటారా పెద్దమ్మగారూ?" అంటే, చుట్టూ ఓసారి చూసి, "వెయ్యి నాయనా. పులుసులో ఉప్పు కాస్త తక్కువైంది, వెళ్ళి చెప్పు" అన్నారు. రెండుసార్లు అన్నం వేయించుకున్నారు. మజ్జిగ దాకా తిన్నారు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఉంది. "ఎక్కడికెళ్ళొచ్చారు పిన్నిగారూ?" అని అడిగింది.

"కంటి డాక్టరు దగ్గరికమ్మా" అన్నారు అత్తయ్యగారు. చెప్పులు విప్పుతూ నా వైపు తిరిగి, "మళ్ళీ నెల కూడా రమ్మన్నాడు కదే?" అన్నారు.